బిళ్ళగన్నేరు, కిలో లెక్కన

మడగాస్కర్ దక్షిణాన, మా ఊరి ఇసుకకి
రంగంటూ ఉంటే ఈ గులాబీ పూలదే.
పన్నెండేళ్ళప్పుడు వేళ్ళతో సహా పీకేవాణ్ణి.
ఎండబెట్టి, గోతాంలో తొక్కి,
లారీ వచ్చిన రోజు తూకానికి నిలబడేవాణ్ణి.
ఎక్కడికి పోతాయంటే
"ఓడెక్కుతాయి" అనేవాడు తూకం మనిషి,
కాటా మీద చిటికెనవేలు ఆనించి.

కరువు వచ్చిన ఏడు
అమ్మడానికి కాదు, నమలడానికి పీకాం.
నాలుక మీద ఆ చేదుంటే
కడుపు కాసేపు నోరు మూసుకుంటుంది.

ఇవాళ అంటనానరివోలో, నాలుగో మంచం మీద
నా కూతురు వోలాసోవా
ఏ ఆకూ నమలకుండానే
ఆకలి లేదంటోంది.

కడ్డీకి వేలాడే సంచిలో నీళ్ళలాంటిదేదో.
నర్సు దాని పేరు చెప్పింది,
దేన్నుంచి తీస్తారో చెప్పింది.
రెండోసారి చెప్పించుకున్నాను.
అయితే ఆ ఓడ తిరిగొచ్చిందన్నమాట.
కిలోల్లో అమ్మింది
చుక్కల్లో కొంటున్నాను.

మా అత్త మూడు రోజులు బస్సులో కూర్చుని
మూట మోసుకొచ్చింది.
అల్లం, కత్రఫాయ్ బెరడు, ఏదో ఆకు నూనె,
అడుగున తడిగుడ్డలో
మా ఊరి మొక్క, పూలతో సహా.
"చుక్కే ఇంత పని చేస్తుంటే
కుండెడు కషాయం ఎంత చెయ్యాలి?"
ఆ లెక్కలో తప్పు నాకూ కనపడలేదు.
ఆస్పత్రి వెనక వంటపాకలో
పొయ్యి నేనే ముట్టించాను.

డాక్టర్ రహాంతా వాసన పట్టి వచ్చిందో
నా మొహం చూసి వెంట వచ్చిందో.
తిట్టలేదు. మూట విప్పమంది.
అల్లం వాసన చూసి,
"పల్చటి ముక్క, సంచి ఎక్కే రోజు పొద్దున.
వికారం కాస్త సర్దుకోవచ్చు.
జబ్బు తగ్గిస్తుందని మాత్రం అనుకోకండి."
నూనె గుడ్డ మీద ఒక్క బొట్టు, ఒంటికి వద్దు.
బెరడు తిప్పి తిప్పి చూసి
"దీని సంగతి నాకు తెలీదు,
తెలుసుకునేదాకా ఆగుదాం" అంది.
ఒక డాక్టరు తెలీదనడం
మా అత్త అదే మొదటిసారి వినడం.
పీట జరిపి కూర్చోమంది.

మొక్క దగ్గరికొచ్చేసరికి గొంతు మారింది.
"సంచిలో చుక్కకి కొలత ఉందమ్మా.
మీ కుండకి లేదు.
అది ఎక్కువైతే పిల్ల కాళ్ళు పట్టు తప్పుతాయి,
ప్రాణం మీదికీ రావచ్చు."
కాటా మీద చిటికెనవేలు గుర్తొచ్చింది.
కుండ ఒంపేశాను.

సాయంత్రం మా అత్త
అడుగంటిన అన్నం మీద నీళ్ళు పోసి కాచింది.
ఆ మాడు నీళ్ళకి ఎవరి సంతకమూ అక్కర్లేదని
డాక్టరే అంది.
వోలాసోవా మూడు గుక్కలు తాగింది.
కిటికీలో పాలడబ్బాలో నాటిన మొక్కని చూసి
"నాకెక్కించేది ఇదేనా?" అంది.
"దాని చుట్టం."
"చుట్టమైతే నా జుట్టెందుకు పట్టుకుపోయింది?"
మా అత్త జవాబు వెతుక్కుంటూ
నాలుగో గుక్క పట్టించింది.