మూడు కుట్ల జాకెట్టు

గుణుపురం బస్టాండు ఎదురుగా నా కుట్టుమిషను.
బోర్డు మీద పేరు సగం ఒడియాలో, సగం తెలుగులో.
ఊరందరి నడుములూ నా పుస్తకంలో ఉన్నాయి.
నాది మాత్రం గోడమీద, సుద్దముక్కతో,
ఎవరికీ కనపడకుండా కేలండరు వెనక.

షుగరు మొదలైందన్నాడు బరంపురం డాక్టరు.
ఆరుసార్లు కొంచెం కొంచెం తినమని కాగితమిచ్చాడు.
రాయగడ కాగితం మిల్లులో మా మరిది
"అన్నం మానెయ్ వదినా, నెయ్యి తాగు" అన్నాడు.
పదహారు గంటలు నోరు కట్టుకోమంది ఫోను.
పక్కింటి సబితా మౌసీ
సోమవారాలు ఉప్పు ముట్టొద్దంది.

ఒకరి మాట వింటే ఇంకొకరికి కోపం.
నాకూ ఆశే,
అన్నీ కలిపితే అన్నీ కలిసి తగ్గిస్తాయని.
ఆరుసార్లు తినేదెప్పుడు, పదహారు గంటలు మానేదెప్పుడు?
నెయ్యి తాగిన పూట జావ తాగొచ్చా?
లెక్క తేలేలోగా
డబ్బాలో చేగోడీలు అయిపోయేవి.
గోడమీద గీత రెండు వేళ్ళు అవతలికి జరిగింది.

వైశాఖంలో దమయంతి సాహు ఒక జాకెట్టు తెచ్చింది.
చంక బిగుతని కాశీనగరంలో ఒకరు విప్పారట.
భుజం జారుతోందని పర్లాకిమిడిలో ఒకరు లోపలికి మడిచారట.
మెడ కోసం ఇంకెవరో కత్తెరే పెట్టారు.
మంచి బరంపురం పట్టు.
వెలుతురుకి పట్టి చూస్తే
సూది పోట్లే తప్ప గుడ్డ కనపడలేదు.
"ముగ్గురూ పనిమంతులే" అందామె.
అవును, ఎవరి కుట్టూ తప్పు కాదు.
ఎవరి కుట్టునీ నిలవనివ్వలేదు, అంతే.

"దీనికింక చెయ్యి పెట్టలేనమ్మా" అని
మడతపెట్టి ఇచ్చేశాను.
ఇస్తూంటే నా మోచెయ్యి నా పొట్టకే తగిలింది.

ఆ రాత్రి మరిదితో వాదించలేదు.
మౌసీకి జవాబు చెప్పలేదు.
చోడిపిండి నానబెట్టాను.
పొద్దున్న అంబలి, ఉల్లిపాయ.
మధ్యాహ్నం గిద్దెడు బియ్యం, దొరికిన ఆకు, మజ్జిగ.
దీపాలవేళకి మళ్ళీ అంబలి.
డాక్టరుకి చెబితే కాసేపు ఆలోచించి
"సరే, ఇదొక్కటే ఉంచు" అన్నాడు.
ఎవరైనా అడిగితే గొప్పగా చెప్పుకోడానికి కూడా ఏం లేదు.

విసుగా? రాకేం.
తొమ్మిదోరోజు ఆ కుండని చూస్తే ఏడుపొచ్చింది.
రజొ పండక్కి మౌసీ పొడొపిఠా పంపింది.
నెయ్యి మాడిన వాసన, కొబ్బరి,
రెండు ముక్కలు తిన్నాను, దాచను.
ఇదివరకైతే మర్నాడు కొత్త పద్ధతి మొదలెట్టేదాన్ని.
మర్నాడు అదే కుండ, అదే గరిటె.

నిన్న కేలండరు ఎత్తి చూశాను.
పాత గీతకీ కొత్త గీతకీ మధ్య
ఒక కుట్టు వేసేంత జాగా.
నవ్వొచ్చింది, ఇంతేనా అని.

అంతలో దమయంతి కొత్త గుడ్డతో వచ్చింది.
టేపు మెళ్ళోంచి తీసి
కొలత తీసుకున్నాను,
ఒక్కసారే.