ఏడు కణుపుల కంక

నాలుగు నెలల దాకా కర్ర చేతికియ్యలే ఉస్తాద్.
సున్నంతోటి నేల మీద నాలుగు గీతలు గీసి
"ముందుగాల కాళ్లకు చదువు చెప్పు" అన్నడు.
కరీమాబాద్ తాలింఖానల ఎర్రమట్టి,
ఆముదం వాసన, పొద్దుగూకితే దోమలు.
పోరగాళ్లు ఇరవై మంది, ఆడపిల్లను నేనొక్కదాన్నే.
గోడ అవతల మా అవ్వ బీడీలు చుట్టుకుంట
నడుమ నడుమ దగ్గి
నేనున్న అని చెప్పేది.

కర్ర ఇస్త అన్ననాడు సుత కర్ర ఇయ్యలే.
"మేదరి రాజనర్సు ఇంటికి పో,
నీది నువ్వే ఏరుకో."
ఏటూరునాగారం అడివిల కొట్టిన కంకబొంగులు
నలభై, గోడకు ఆనుకొని నిలబడ్డయి.
ఒక్కోదాన్ని వేలి ఎముకతోటి తట్టి విన్న.
ఒకటి డొల్లగ మోగింది,
ఒకటి పచ్చిగ మూలిగింది,
ఒకటి ఏం మాట్లాడలే.
దాన్నే తెచ్చిన.

ఉస్తాద్ కణుపులు లెక్కవెట్టిండు. ఏడు.
నా చెవి దాకా కొలిచి మిగిలింది కోసేసి
పిడకల సెగ మీద వంకర తీసిండు,
చంటిపిల్లకు నూనె రాసి కాళ్లు సాపినట్టు.

సారంగపాణి ఉస్తాద్ మిల్లుల స్పిన్నింగు ఖాతా మనిషి.
ముప్పై ఏండ్లు కదుర్ల నడుమ నడిచిన కాళ్లు.
"తెగిన పోగును ఉరుక్కుంటనే అతకాలె,
మిషిన్ నీ కోసం ఆగదు" అనేటోడు.
మిల్లు మూతవడ్డంక
ఆ చేతులకు తిరిగేది ఏదో ఒకటి కావాలె గద.

"తిప్పుడు అందరు నేర్చుకుంటరు బిడ్డా,
ఆపుడు నేర్చుకో."
నా నొసటి ముందట వడ్లగింజంత దూరంల
ఆయన కర్ర ఆగేది.
గాలి ఆగేది కాదు,
అది వచ్చి నా ముంగురుల్ని లేపి పొయ్యేది.

పీర్ల పండుగ నాడు గుండం ముందట
మొదటిసారి నలుగుట్ల తిప్పిన.
గుంపులకెల్లి ఎవడో అన్నడు,
"రొట్టెల కర్ర సరిపోలేదా ఈ పిల్లకు?"
ఉస్తాద్ వాని దిక్కు చూడలే.
డప్పు కొట్టెటోని దిక్కు చూసి
వేగం పెంచుమని సైగ చేసిండు.

మనిషిని కొట్టింది ఒక్కటేసారి.
వానకాలం, శివనగర్ అండర్ బ్రిడ్జి,
మోకాళ్ల దాకా నీళ్లు, చేతిల గొడుగు.
వాడు ముంజేయి పట్టుకొని నీళ్లల్ల కూలవడ్డడు.
ఎవలికి చెప్పలే. మూడొద్దులు కర్ర ముట్టలే.
నాలుగోనాడు తిప్పుతుంటే
వెనుకకు తిరిగి మంచినీళ్లు తాగుతున్న ఉస్తాద్
అట్లనే, తిరగకుంటనే అడిగిండు:
"చప్పుడు మారింది నీది. ఎవల్ని కొట్టినవ్?"
చెప్పిన.
చెంబు కింద పెట్టి
"గొడుగు ఇరిగిందా?" అన్నడు.
లేదన్న.
"మరి ఇంకేం" అన్నడు. ఆ రాత్రంత నిద్ర పట్టింది.

ఇప్పుడు ఆయన కుడిచెయ్యి మంచం మీద
ఇంకెవలిదో మరిచిపోయినట్టు పడి ఉంటది.
నోట్లె మాటలు కూడవు.
నేను పరకాల బడిల పిల్లలకు నేర్పుత,
ఐతారం వచ్చి
ఆయన కిటికి ముందట గల్లీల తిప్పుత.
ఎడమచెయ్యి మంచంపట్టె మీద తడుతది.
ఒకటి కొడితే సరే.
రెండు కొడితే మణికట్టు తప్పిందన్నట్టు.
ఎన్ని ఐతారాలో, అన్నీ రెండే.

మొన్న నా వెంబడి తహూరా వచ్చింది,
ఎనిమిదో తరగతి, చున్నీ నడుముకు కట్టుకొని.
కర్ర దానికంటె జానెడు పొడుగు.
గల్లీ చిన్నది, గోడకు ఆనిచ్చిన స్కూటర్లు,
పాలోల్ల పిల్లగాడు నిలబడి చూడబట్టె.
మూడు చుట్లు మంచిగనే తిప్పింది.
నాలుగో చుట్టుకు జారి
సిమెంటు మీద టంగుమని పడి దొర్లింది.
పిల్ల మొకం ఎర్రగైంది.
నేను నోరు తెరిచే లోపట
కిటికిల నుంచి చప్పుడు,
ఒకటి కాదు, రెండు కాదు,
ఆ ఎడమచేతి వేళ్లు
మంచంపట్టె మీద ఉరుకుతున్నయి,
డప్పు లెక్క.