ఐదో ఇల్లు

కళ్ళజోడు కాడ విరిగి
చిక్కడపల్లిలో మా షాపుకొచ్చారు పేరిశాస్త్రి గారు.
నేను స్క్రూ బిగించేలోపు
నా నక్షత్రం, పుట్టిన వేళ అడిగి
వేళ్ళ కణుపులు లెక్కపెట్టి
"నీ చంద్రుణ్ణి గురువు చూస్తున్నాడమ్మా" అన్నారు.

చూస్తే ఏమవుతుందండీ?

"ఏమీ ఇవ్వడు. దగ్గరికి రాడు.
తన ఇల్లూ కలిపి లెక్కేసుకుని
ఐదో ఇంటివైపు ఊరికే చూస్తాడు.
అంతే, అక్కడ పాలు విరగవు.
తను కూర్చున్న ఇల్లు మాత్రం బాగుపడదు.
అదో చిత్రం."

ముప్పై రూపాయలిచ్చి
ఎదురుగా వచ్చే బస్సు నంబరు
పైకే చదువుకుంటూ వెళ్ళిపోయారు.

రాత్రి పదింటికి షట్టర్ దించి
వారాసిగూడలో దిగితే కరెంటు లేదు.
గల్లీ మొదట్లో రషీదాబీ కిటికీలో
ఎప్పట్లాగే ఎమర్జెన్సీ లైటు.

ఆ ఇంటికప్పు కురుస్తుంది.
మగ్గం పని చేసీ చేసీ
ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి.
మూడేళ్ళలో ఇద్దరిని
ఆ గడపలోంచే మోసుకెళ్ళారు.
"ఆగయీ బేటా?" అంటుంది,
నేను తాళం తీసేదాకా
లైటు ఇటే తిప్పి పట్టుకుని.

ఇవాళ చీకట్లో ఆగి లెక్కపెట్టాను.
ఆమెది ఒకటి.
కుట్టుమిషను వాళ్ళది రెండు.
ఎప్పుడూ తాళమేసుండేది మూడు.
మెట్లకింద కుక్క ఈనిన ఇల్లు నాలుగు.

నా గడపమీద
తాళంకప్ప కన్నం కనబడేంత వెలుతురు.

ఆమె అద్దాలు గీతలు పడ్డాయి, మార్చాలి.
ఎంత నంబరో రేపు కనుక్కోవాలి.
ఐదో ఇంటినుంచి వెనక్కి
చూపు ఆనుతుందో లేదో
శాస్త్రిగారిని అడగనే లేదు.