మూడో తలుపు

భీమిలి దాటాక సరుగుడు తోటలో
పద్దెనిమిది గుడారాలు.
అక్కణ్ణించి స్నానాల గదులకి నూటపది అడుగులు.
పగలు అదేం దూరం కాదు.
రాత్రి, భుజం మీద నిద్రమత్తు పిల్ల ఉంటే
అది పొరుగూరు.

నేను కరెంటు పనివాణ్ణి.
కంచరపాలెం ఐటీఐ,
జేబులో టెస్టరు, పెదాల మీద ఉప్పుగాలి.
ఓనరుగారు సముద్రం వైపు రంగు దీపాలు పెట్టమన్నారు
ఫొటోల్లో బాగుంటుందని.
పెట్టాను. తీగ కొంచెం మిగిలింది.

"ఈ దోవకెట్టు బావూ," అంది పోలమ్మ.
"రేత్తిరేల ఆడోల్లు జంటగా వొస్తారు.
ఒకలు లోన, ఒకలు తలుపుకాడ కాపలా.
లెక్కెట్టినాను సూడు."
గది వెనక గోడ మీద బొగ్గు గీతలు,
ఇద్దరిద్దరు చొప్పున
పక్కపక్కనే.

పోలమ్మ గదులు కడుగుతుంది.
ఎవరికి కడుపు బాగాలేదో, ఏ పసిదానికి పోతపాలు పడలేదో
ఆమెకి తెలిసినంత
నేను కొన్న ఏ సెన్సరుకీ తెలీదు.

చీలమండ ఎత్తులో బిగించాను,
కళ్లలో కొట్టని పసుపు వెలుగు.
అడుగు పడితే వెలిగి, దాటితే ఆరేది.
మొదటి రాత్రే నూటనలభై సార్లు వెలిగింది.
ఉన్నవి ఆరు కుటుంబాలే.
తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, ఓనరుగారి మొహమూ చీకటే.
మర్నాడు రాత్రి కాపు కాశాను.
పీతలు!
డెక్కలెత్తుకుని, పెళ్లివారి వరసలో
నా కరెంటు కింద ఊరేగుతున్నాయి.

సెన్సరుని జానెడు పైకి జరిపాను.
మరి బుడిబుడి అడుగుల పిల్లలు దానికి అందుతారా?
పోలమ్మ మనవరాల్ని నడిపించి చూశాం.
వెలిగింది.
పిల్ల వెనక్కెళ్లి మళ్లీ వచ్చింది, పదకొండు సార్లు.
మా టెస్టింగు రిపోర్టు అదే.

మూడో గది ఇన్నాళ్లూ
చిరిగిన గుడారాల గోదాం.
గాజువాక నుంచి వచ్చిన సన్యాసినాయుడు
నాలుగేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని
ఆడవాళ్ల తలుపు చూసి, మగవాళ్ల తలుపు చూసి
మధ్యలో నిలబడిపోయాడు ఒకసారి.
పిల్ల ఆగలేకపోయింది.
అతను తన తువ్వాలుతోనే నేల తుడిచాడు,
ఎవరి వైపూ చూడకుండా.

ఆ వారంలోనే గోదాం ఖాళీ చేశాం.
పసివాళ్లకి గుడ్డ మార్చడానికి గోడకో మడత బల్ల,
పిల్ల చేతికందే కుళాయి,
ఎండకి కాగిన నీళ్లు ఎన్ని బిందెలు మిగిలాయో
ఫోనులో చూసుకునే వీలు.
లోపల మనిషుంటే తలుపు మీద ఎర్ర చుక్క,
లేకుంటే పచ్చ చుక్క.
గుడారం జిప్పు బెత్తెడు తీస్తే కనబడుతుంది.

దోవలో కెమెరా కూడా పెట్టేద్దామన్నారు ఓనరుగారు.
పోలమ్మ చీపురు కింద పెట్టింది.
నడుం నిటారుగా చేసి ఆయన వైపు చూసింది.
ఆ మాట మళ్లీ రాలేదు.

నా ఫోనులోకి అంకెలే వస్తాయి.
ఏ దీపం, ఎన్ని గంటలకి, ఎంతసేపు.
నిన్న రాత్రి రెండూ నలభైకి ఒక్కరి అడుగులు,
ఒక్కరివే.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, పచ్చ చుక్క, ఎర్ర చుక్క.
తిరుగుదారిలో ఐదో దీపం దగ్గర
వెలుగుతూ ఆరుతూ పన్నెండు నిమిషాలు.

సెన్సరు పాడైందనుకుని
పొద్దున్నే టెస్టరు పట్టుకెళ్లాను.
మూత విప్పాను. అంతా బాగానే ఉంది.
పక్కన ఇసకలో మనిషి కూర్చున్న గుంట,
చాపిన కాళ్ల గీతలు రెండు
సముద్రం వైపు.

మూత మళ్లీ బిగించేశాను.