ఏ ఊరని అడిగితే

మార్చి నెల. బైకాల్ ఇంకా నిద్ర లేవలేదు.
మంచు ఎంత మందమో కొలిచి చెప్పేది నేనే,
రిన్చిన్‌ని, వించి తిప్పేవాణ్ణి.
నలభై ఏళ్ళు ఓముల్ చేపలు పట్టి
ఇప్పుడు గాజు బుడగలు నీళ్ళలోకి వదులుతున్నాను.

రంపంతో కోసిన కన్నంలో
నల్లని నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.
ముందుగా ఉంగరపు వేలితో
నాలుగు చుక్కల పాలు చల్లాను సరస్సుకి.
మాస్కో కుర్రాడు నవ్వుతాడనుకున్నా.
"ఇంకో చుక్క వెయ్యండి," అన్నాడు,
"పోయినేడు రెండు బుడగలు పగిలాయి."

ఒక్కో తీగకు ముప్పై ఆరు కళ్ళు.
కిలోమీటరు దాటి లోతుకి దించుతాం.
అన్నీ కిందికే చూస్తాయి.
ఆకాశం కావాలంటే కిందికి చూడాలట!
భూమి అవతలి వైపు నుంచి
రాయినీ నిప్పునీ ఎవరివో సమాధులనీ
తాకకుండా దాటి వచ్చేదొకటుందట.

వార్వారా చెప్పింది,
రాత్రంతా పరికరాల బండిలో కూచునే పిల్ల:
"నీ బొటనవేలి గోటిలోంచి
సెకనుకి వేల కోట్లు పోతున్నాయి, తాతా."
గోరు చూసుకున్నాను.
పాత గాలపు మచ్చ తప్ప ఏమీ లేదు.
"అవన్నీ సూర్యుడివి. మనకవి వద్దు.
ఎక్కడో ఒక నల్లటి గొంతు
మింగలేక కక్కినవి కావాలి.
ఏడాదికి ఒకటో రెండో."

తీగ లాగితే డొంకంతా కదలాలి కదా.
ఎన్ని తీగలు దించినా
నీళ్ళు తమలో తాము మిణుకుమంటాయి, అంతే.

ఏడో వారం, తెల్లవారుజామున
తలుపు బాదింది. కుడి బూటు ఎడమ కాలికి.
తెర మీద బుడగలు ఒకదాని తర్వాత ఒకటి
కింది నుంచి పైకి
ఎవరో మెట్లెక్కుతున్నట్టు వెలిగాయి.
"ఏ ఊరిది?" అన్నాను.
టీ పొట్లం కాగితం మీద
నక్షత్రాలు చుక్కలు పెట్టి, చుట్టూ వలయం గీసింది.
"ఇందులో ఎక్కడో."
"ఎన్ని ఉన్నాయి ఇందులో?"
లెక్కపెట్టలేదు. నవ్వింది.
నా వలలో కూడా ఇంత పెద్ద కన్ను లేదు.

ప్రపంచానికంతా కబురు పంపారు.
చిలీలో మబ్బు. ఇంకోచోట పున్నమి.
ఒకచోట ఒకటి కాస్త ఎక్కువ మెరిసిందట.
కాస్త.
కాస్త చాలదట.

ఏప్రిల్ వచ్చింది. మంచు మూలుగుతోంది.
ట్రాక్టర్లు ఒడ్డుకెళ్ళిపోయాయి.
అంత దూరం నుంచి వచ్చి
ఒక గ్లాసు టీ అయినా తాగకుండా
ఊరూ పేరూ చెప్పకుండా పోయిన దాని మీద
నాకు కోపమేమీ లేదు.
కింద ఆ కళ్ళకు రెప్పలు లేవు, చూస్తాయిలే.

వార్వారా కాగితం నా జేబులోనే ఉంది.
వెనకవైపు ఖాళీ.
ఇవాళ్టి చేపల లెక్క రాసుకుంటాను.