సగం డబ్బాల లెక్క

సఫీ రేవులో నెలాఖరు.
ఆవిరి గొట్టం చివరి ఈల వేసి ఊరుకుంది.
అట్లాంటిక్ మాత్రం ఏ నెలనీ ముగించదు.

చేతిలో అట్ట, చెవిమీద పెన్సిలు,
ఖర్చుల గుమాస్తాని,
చేపనీళ్ళలో రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ
వరసలు లెక్కపెడుతున్నాను.

మా అన్న దర్జీ. పాతబస్తీలో కొట్టు.
ఆయన కుట్టే ప్రతి కఫ్తానుకీ ఒక చీటీ:
ఎవరి పెళ్ళికి, ఎన్ని మూరల పట్టు,
ఎన్ని రాత్రుల దీపం.
నా సార్డీన్లకి చీటీ లేదు.
ఏది ఏ పడవలో వచ్చిందో,
ఏ డబ్బాలో ఎవరి పక్కన పడుకుందో
అడిగే నాథుడు లేడు.
ఇక్కడ ఖర్చు చేపది కాదు, గదిది.
కోతగది తన ఖర్చంతా మూటగట్టి
సర్దేగది నెత్తిన పెడుతుంది.
సర్దేగది తన బరువూ కలిపి
ఆవిరిగదికి అప్పజెబుతుంది.
చివర్న మొత్తాన్ని డబ్బాలతో భాగిస్తే
అన్నిటికీ ఒకటే ధర.

తలలూ పేగులూ పోతాయి. అది మామూలు నష్టం.
దానికి వేరే పద్దు లేదు.
తెగిన తలల ఖర్చు
మిగిలిన మొండేలే మోస్తాయి.
పన్నెండో తారీఖున కరెంటు పోయి
ఐసు కరిగి కుళ్ళిన మూడు బుట్టలు మాత్రం
విడిగా, ఎర్రసిరాలో.
వాటిని ఏ డబ్బా మొయ్యదు.
లాభనష్టాల గుమ్మంలో దించేస్తాం.

పూర్తయినవి ముప్ఫై ఎనిమిది వేలు.
చల్లగదిలో ఆగినవి ఎనిమిది వేలు:
తల తెగింది, కడుపు శుభ్రమైంది, డబ్బాలో సర్దుకుంది.
నూనె పడలేదు, మూత పడలేదు, ఆవిరి సోకలేదు.
వీటిని ఏమనాలి?

"సగమయ్యాయని రాసెయ్" అన్నాడు బెన్‌హద్దూ,
గడియారం వంక చూస్తూ.
ఎనిమిది వేల సగాలు
నాలుగు వేల నిండు డబ్బాలకి సమానం.
చేప విషయంలో సగాల్లేవు, అది మొత్తం పడ్డట్టే.
కూలీ, ఆవిరి, అద్దె:
తొంభై రెండు వేల నాలుగొందల దిర్హాములు.
నలభై రెండు వేలతో భాగించాను.
డబ్బాకి రెండు దిర్హాముల ఇరవై సాంతీములు.

బల్ల కడుగుతున్న రఖూష్ తల తిప్పింది.
కత్తెర పట్టీపట్టీ ఆమె బొటనవేలు
పక్కకి వాలిపోయింది, గాలికి పెరిగిన కొమ్మలా.
"సగమా?
ఇంక మిగిలింది మరపని.
నూనె తనే పడుద్ది, మూత తనే బిగుసుకుంటది.
మేం చెయ్యాల్సింది అయిపోయింది.
ముప్పాతిక రాయి."

రాసి చూశాను. ఆరు వేలు నిండాయి.
భాగించాల్సింది ఇప్పుడు నలభై నాలుగు వేలతో.
రెండు దిర్హాముల పది.
ఆమె చేతుల పనిని ఒప్పుకున్నకొద్దీ
డబ్బాకి పది సాంతీములు తగ్గింది.
ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.

రేపు పొద్దున ఈ ముగింపు నిల్వే
ప్రారంభపు నిల్వ అవుతుంది,
పేజీ తిప్పితే చాలు.
ముప్పాతికే రాశాను. పెన్సిల్తో.

చల్లగది తలుపు మూస్తుంటే
లోపల ఎనిమిది వేల డబ్బాలు
నోళ్ళు తెరుచుకుని.