ఇంకో మూడు నెలలు ఆగితే

బాలరాట్‌లో జూన్ నెల.
కిటికీ అద్దానికి లోపలివైపు చెమ్మ.
బల్ల కింద నా పాత కంప్యూటర్
కూత పెట్టబోయే కుక్కర్‌లా వణుకుతోంది.
పాదాలు దాని పక్కన పెట్టుకుంటాను.
ఎనిమిదేళ్ళ గ్రాఫిక్స్ కార్డు,
బొమ్మలు గీయడం తగ్గించి
ఈమధ్య నా చలి కాచే పనిలో పడింది.

కొత్తది కొనాలి.
ఈ మాట అనుకున్నది పోయిన జూన్‌లో.
ధర చూసి ఆగాను, తగ్గుతుందన్నారు.
తగ్గింది. తగ్గిన రోజునే
దాన్ని మించింది వస్తోందన్నారు.
అది వచ్చింది, దొరకలేదు.
దొరికే వేళకి నా జ్ఞానదంతం అడ్డం తిరిగి
ఆ డబ్బు వెళ్ళి డెంటిస్టు కుర్చీలో పడుకుంది.

చిన్నప్పుడు మా వీధి కొట్లో
"అరువు రేపు" అని అట్ట వేలాడేది.
ఏ రోజు చదివినా అది నిజమే.
ఈ సరుకూ అంతే,
మంచిదెప్పుడూ రేపే.

సామెతల్ని అడిగాను.
నిదానమే ప్రధానం అంది ఒకటి.
ఆలస్యం అమృతం విషం అంది ఇంకొకటి.
రెండూ ఒకే నోటి వెంట విని పెరిగినదాన్ని,
నాకు ఏదీ తేల్చుకోవడం రాదంటే వింతేముంది.

స్టర్ట్ వీధిలో డంకన్ కొట్టుకెళ్ళాను.
నిజాయితీపరుడు, అదే అతని వ్యాపారానికి చేటు.
"వచ్చే నెల రా, ఆ పైనెలైతే ఇంకా మంచిది" అన్నాడు.
మరి నువ్వేం వాడతావని అడిగితే
"నేనా? చేపలు పడతాను."

మందుల షాపులో నా ఉద్యోగం.
రోజంతా గడువు తేదీలు చూస్తాను,
ఏ సీసా ఎన్నాళ్ళు పనికొస్తుందో
దాని అడుగునే అచ్చేసి ఉంటుంది.
దీని అడుగున ఏమీ లేదు.
మరలు ఊడదీసి, తిప్పి చూశాను,
పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపాను.
బూడిదరంగు దుమ్ములో ఒక్క నారింజ వెంట్రుక,
రెండిళ్ళ కిందట, ఫియోనా పిల్లిది.

రాత్రి తొమ్మిదికి సుహిత వస్తుంది హెడ్‌ఫోన్‌లోకి,
పెర్త్‌లో అప్పుడింకా ఏడే,
తనతోపాటు తాలింపు చప్పుడూ వస్తుంది.
తను కొనేసింది. ఆలోచించలేదు.
బోనస్ పడింది, కొట్టుకెళ్ళింది,
డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది.

ఇద్దరం చెరో గుర్రం మీద ఒకే గుట్ట ఎక్కుతాం.
అవతల దిగితే సరస్సు.
నా తెర మీద అది తడిపిన నాపరాయి.
"ఏమే, చూశావా?" అంటుంది.
నాకేం కనిపిస్తుంది, నువ్వు చెప్పు అంటాను.
చెబుతుంది.
"నీ గుర్రం నీళ్ళలో తలకిందులుగా నిలబడింది.
కళ్ళెం మెరుస్తోంది.
వెనక కొంగ లేచింది. కాదు, రెండు కొంగలు,
ఒకటి పైకి, ఒకటి లోపలికి."
మామూలప్పుడు సుహిత
కరెంటు బిల్లు చదివినట్టు మాట్లాడే మనిషి.

ఇవాళ ధర మళ్ళీ పడింది.
నూట ఎనభై డాలర్లు తక్కువ, అర్ధరాత్రి దాకానే.
బుట్టలో వేశాను.
బ్యాంకు కార్డు అంకెలన్నీ కొట్టాను, వెనకనున్న మూడూ కూడా.
ఆఖరి మీట మీద వేలు.

ఇది కొంటే
నా సరస్సు నాకే కనిపిస్తుంది.
అప్పుడిక తనెందుకు చెబుతుంది?

పిచ్చి ఆలోచన, తెలుసు.
తెల్లారితే నాకే నవ్వొస్తుంది,
లేదా తెల్లారేలోపే ఈ ముసలిది పొగ వదిలి ఊరుకుంటుంది,
ఎటూ కొనక తప్పదు.
ఇంకా రెండు గంటల నలభై నిమిషాలు.

వేలు తీయలేదు. నొక్కనూ లేదు.
"సుహితా, ఇవాళ సరస్సెలా ఉంది?"

తాలింపు చప్పుడు ఆగింది.
"ఉండు," అంది.
"చినుకులు మొదలయ్యాయి."